గాజుపట్టీ పగిలిన కమాను

"వంతెన కూల్చేస్తారండీ! సాయంత్రమే మీటింగు. దాంతోపాటే నా ఉద్యోగమూ పోతుంది."

తలుపైనా తట్టకుండా లోపలికొచ్చిన ఇంజనీరమ్మ కుర్చీలో కూలబడింది. ఊరంతా భూతద్దం అని పిలుచుకునే ప్రైవేటు డిటెక్టివ్ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. సహాయకుడు, అంటే స్వయానా బావమరిది, నోరు తెరుచుకుని వింటున్నాడు.

విషయమిది. తాతలనాటి రాతి రైలువంతెన, చట్టం కాపాడుతున్న కట్టడం. దాని కమానులో ఒక బీట ఉంది. అది పెరుగుతోందేమో కనిపెట్టడానికి బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించారు. రాయి కదిలితే గాజు పగులుతుంది. వంతెన గట్టిదేనని హామీ ఇచ్చింది ఇంజనీరమ్మ. నిన్న పొద్దున గాజు పగిలి కనిపించింది. వెంటనే రైళ్ళు ఆపేశారు.

"పక్కన ఇనుప వంతెన కట్టే కాంట్రాక్టరు ఎగిరి గంతేస్తున్నాడు," అందామె కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంకేముంది బావా, దొంగ దొరికాడు!"

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట నీలాంటివాడే. పద."

కమాను కిందే ఇంజనీరమ్మ మేనమామకు ఫొటో ఫ్రేముల దుకాణం. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆయనే. వీళ్ళు వెళ్ళేసరికి అద్దం మీద గీత గీసి, అంచు తట్టి, రెండుగా విరుస్తున్నాడు.

"కమానుకు ఆనించిన ఆ నిచ్చెన ఎవరిదండీ?"

"నాదే బాబూ. కాంట్రాక్టరు మనుషులూ వాడుకుంటారు."

"వంతెనంటే మీకిష్టమేనా?"

"ఎంతమాట! ఆ గూడ్సుబళ్ళు పోతుంటే నా గుండెల మీద పోయినట్టుంటుంది. వాటిని తగ్గిస్తే వంతెన ఇంకా వందేళ్ళుంటుందని చెప్పినా ఎవరూ వినలేదని మా పిల్ల తిండి మానేసి ఏడ్చింది."

భూతద్దం పైకెక్కి చూసి దిగాడు. తర్వాత బావమరిదిని ఎక్కించాడు.

"పగిలిన ముక్కల మధ్య వెంట్రుక దూర్చు."

"దూరట్లేదు బావా!"

"గాజు మీద గోరు పెట్టి చూడు."

"గీత తగులుతోంది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది."

"దిగు. ఎవరితోనూ అనకు. నీ నోట్లో నువ్వుగింజైనా నానదు."

సాయంత్రం కమాను కింద అందరూ చేరారు. కట్టడాల కమిటీ అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుంది.

"బీట పెరిగితే గాజుముక్కలు ఎడమవ్వాలి," అన్నాడు భూతద్దం. "ఇవి ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. వంతెన కదల్లేదు. ఎవరో గాజును పగలగొట్టారు."

అందరి కళ్ళూ కాంట్రాక్టరు మీద పడ్డాయి.

"నేను కాదు బాబోయ్!"

"మీరు కాదు. మీ మనుషులైతే సుత్తితో ఒక్కటిచ్చేవారు. ఇది గీత గీసి తట్టిన పని. రాయికి దెబ్బ తగలకూడదనుకున్న చెయ్యి." భూతద్దం మేనమామ వైపు తిరిగాడు. "అవునా అండీ?"

ముసలాయన దాచలేదు.

"గాజు పగిలితే ఆ క్షణమే రైళ్ళు ఆగుతాయని నువ్వే అన్నావుగా తల్లీ. ఆగితే వంతెనకు కాస్త ఊపిరాడుతుంది, నీ ఏడుపూ ఆగుతుందనుకున్నాను. కూల్చేస్తారని నాకేం తెలుసు? తెలిశాక నీ మొహం చూడలేకపోయాను."

"నన్నొక్క మాట అడగలేకపోయావా మావయ్యా!" ఆమె బావురుమంది.

అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది. "వంతెన ఉంటుంది. కానీ కేసు తప్పదు. వంతెన ఇంజనీరుగా ఫిర్యాదు ఇవ్వాల్సింది మీరేనమ్మా."

"బావా, ఏదైనా చెయ్యి," అని గొణిగాడు బావమరిది.

ఇంజనీరమ్మ తలెత్తింది.

"ఇస్తానండీ."

మేనమామ దుకాణం తలుపు దించి తాళం వేశాడు.

"పద తల్లీ, నేనూ వస్తాను. పోలీస్ స్టేషనుకి నువ్వొక్కదానివే వెళ్ళకూడదు."