నల్ల అంచు కవరు

శనివారం పదిన్నరకు కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని ఆ ఇంటి ముందు సైకిల్ బెల్లు మోగింది. వంటింట్లో గుంతల పెనంలో పణియారాలు తిప్పుతున్న అమ్మణి చెయ్యి ఆగిపోయింది. ఆమె కదిలేలోపే కోడలు లోకేశ్వరి సగం అల్లిన జడతో గేటు దగ్గరికి పరుగెత్తింది.

"పళనిసామి అన్నా, ఉండండి, నేనే వస్తా ఉండా!"

తపాలా మనిషి ఇచ్చిన కవరును పైట చాటున పెట్టుకుని కోడలు లోపలికి రావడం కిటికీలోంచి అమ్మణి చూసింది. పైట చాటున! గ్యాసు బిల్లును ఎవరైనా పైట చాటున తెస్తారా?

"ఏం కాగితం కణ్ణూ అది?" అని ముద్దుపేరుతోనే అడిగింది.

"స్టాంపు కవరు అత్తా. బ్రిటన్‌లో వేల్స్ నుంచి వచ్చిండాది."

"పోయిన వారమూ వచ్చె కదా?"

"ఆమా, వచ్చె. ఇది వేరే అత్తా," అని లోకేశ్వరి గదిలోకి వెళ్లి బీరువా తెరిచింది, మూసింది. తరువాత నాలుగు పణియారాలు నోట్లో వేసుకుని, పీలమేడు కాలేజీలో స్పెషల్ క్లాసు ఉందంటూ స్కూటీ మీద వెళ్లిపోయింది.

ఆమె మదురై నుంచి ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. వంక పెట్టడానికి వీల్లేని పిల్ల. అమ్మణిని భయపెట్టింది అదే. అనుమానం పెనుభూతమంటారు. అమ్మణి ఆ భూతానికి మూడుపూటలా మేత వేస్తోంది. దొరల సీమలో ఎవడో ఉన్నాడు, కాగితాలు రాస్తున్నాడు, ఒకనాడు ఈ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది, తన ఒక్కగానొక్క కొడుకు ఊరందరి ముందూ తల దించుకుంటాడు. రాత్రింబవళ్లు ఇదే ఆలోచన.

ఆ రోజు తొందరలో లోకేశ్వరి తాళం చెవి బీరువాకే వదిలేసింది. అమ్మణి తెరవకూడదనే అనుకుంది. రెండు నిమిషాలు అనుకుంది కూడా. తరువాత తెరిచింది.

మధ్యాహ్నం మోటారు పంపుల కొట్టు నుంచి భోజనానికి వచ్చిన కొడుకు గోకుల్‌నాథ్‌కు కంచం పక్కనే ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టిన కవర్ల దొంతర కనబడింది.

"అమ్మా, ఇది ఆమె స్టాంపుల పిచ్చి. పెళ్లికి ముందరే చెప్పిండాది."

"స్టాంపులా? మా దేవరాజన్ అన్న సేర్చలేదా? నీళ్లలో నానేసి, ఊడదీసి, పుస్తకంలో అంటిస్తా ఉండె. పూలు, రైళ్లు, పక్షులు! ఈమె ఒక్కటైనా కవరు నుంచి తీసిండాదా చూడు. అన్నిట్లో ఒకే ఆడదాని తల. రంగే వేరే. మూలన ఒకదాంట్లో సింగం, ఒకదాంట్లో రెక్కల బల్లి. ఒకే మొగాన్ని అరవైసార్లు ఎవరురా సేర్చేది?"

గోకుల్ నవ్వుతూ ఒక కవరు తిప్పి చూశాడు. ఏదో గ్యాసు కంపెనీది. ఇంకొకటి పళ్ల డాక్టరుది. ఇంకొకటి బడి నుంచి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు, ఒక్కో ఊరు.

"లోపల చూడు నాయనా. ఒక్క కాగితం లేదు. రాసిందంతా యాడ దాచిండాది?"

గోకుల్ నవ్వు ఆగింది. ఎవరివో ఖాళీ కవర్లు ఇంత భద్రంగా ఎందుకు? పొద్దున వచ్చిన పెద్ద కవరు మీద పంపినవాడి పేరు కనబడింది: రాబర్ట్. పోయిన వారం దాని మీదా అదే పేరు, అదే చేతిరాత. అతను రసం పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"సాయంత్రం అడుగుతా," అన్నాడు. కొడుకు ముఖం చూశాక, తన మాటే నెగ్గినందుకు అమ్మణికి సంతోషం కలగలేదు.

అతను వెళ్లాక కవర్లు మళ్లీ సర్దుతుంటే అడుగున ఒకటి విడిగా దొరికింది. నాలుగు వైపులా నల్లటి అంచు. నల్ల అంచంటే అమ్మణికి తెలిసింది ఒక్కటే: చావు కాగితం! చావు కబురు తెచ్చిన కాగితాన్ని గడప దాటనివ్వరు. వీధిలోనే చదివి, వీధిలోనే చించి, కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. అలాంటిది, కొత్తగా కాపురం పెట్టిన పిల్ల దాన్ని పట్టుచీరల పక్కన దాచిందా? తన కొడుకు పడుకునే గదిలోనా? ఆమె మరి ఆలోచించలేదు. గేటు బయటికి వెళ్లి కవరును నాలుగు ముక్కలు చేసి కాలువ పక్కన పడేసి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చింది.

నాలుగున్నరకు లోకేశ్వరి స్కూటీ గేటు దగ్గర ఆగింది. చాలాసేపు లోపలికి రాలేదు. కొట్టు నుంచి ముందే వచ్చి కూర్చున్న గోకుల్, అతని వెనక అమ్మణి బయటికి వెళ్లారు. లోకేశ్వరి వీధిలో మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది.

"ఎవరు చించినారు?"

"నేనే. చావు కాగితం ఇంట్లో పెడతారా? నా కొడుక్కు ఏమన్నా అయితే?"

"ఎవరా రాబర్ట్?" గోకుల్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

లోకేశ్వరి తలెత్తింది. "డెబ్బై ఎనిమిదేండ్ల తాతండి. వేల్స్‌లో బడిలో పాఠాలు చెప్పిన వాద్యారు. నేను మన ఊరి పాత కవర్లు పంపిస్తా, ఆయన వాళ్లవి పంపిస్తాడు. ఫోటో కూడా చూపించినా కదా. మీరు ఫోను చూస్తా 'ఊ' అన్నారు."

గోకుల్‌కు గుర్తొచ్చింది. నిజమే, 'ఊ' అన్నాడు.

"నేను లేనప్పుడు నా బీరువా తెరిచే ఇంట్లో నాకేం పని?" దొరికిన ముక్క మీది మట్టి దులిపింది. "రేపు బస్సుకే నేను మదురైకి పోతా."

తను భయపడ్డది జరగబోతోంది. జరిపిస్తున్నది ఎవరో కూడా అమ్మణికి తెలుసు. ఆమె కూడా కింద కూర్చుని, కాలువ అంచున మిగిలిన ముక్కను తీసి కొంగుతో తుడిచింది.

"ఇన్ని ఖాళీ కవర్లు ఎందుకు కణ్ణూ? నిజంగానే అడుగుతా ఉండా."

లోకేశ్వరి ఆ ముక్కను అందుకుని మిగతావాటి పక్కన పెట్టింది. ముక్కలు నాలుగూ దొరికాక, వాటినే చూస్తూ అంది: "ఆ తల వాళ్ల రాణిది. ఈ రెక్కల బల్లి స్టాంపు వేల్స్ పోస్టాఫీసుల్లోనే అమ్ముతా ఉన్నారు అత్తా. సింగంది స్కాట్లాండులో. కొత్త స్టాంపు ఎవరైనా కొని దాచుకోవచ్చు. నాకు ఉత్తరం మోసి పని చేసింది కావల్ల. ఒకరు బిల్లు కట్టేదానికి, ఒకరు పిల్ల బడికి రాసేదానికి, నాలుకతో తడి చేసి అంటించి పంపిస్తారే, అది. అట్లాంటిది ఎవరూ దాయరు, పారేస్తారు. స్టాంపు ఊడదీస్తే పోస్టు ముద్ర పోతుంది, ఎవరు ఎవరికి రాసినారనేది పోతుంది. ఈ నల్లది... ఆరేండ్లు అడిగితే రాబర్ట్ తాత పంపినాడు. వెనక చూడండి."

వెనకవైపు పెన్సిలుతో ఏదో గీకి ఉంది. అమ్మణికి అరవం తప్ప చదవడం రాదు. "ఏం రాసిండాది?"

"అందుకున్నావిడ రాసుకునింది. 'అమ్మ. గురువారం. రైలు ఆరూ నలభై. నల్ల బూట్లు. పాలవాడికి చెప్పాల.' అంతే."

అమ్మణి ఆ పెన్సిలు గీతలను చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఒక కూతురు. చావు కబురు చేతికొచ్చింది, ఏడ్చిందో లేదో, కవరు తిప్పి రైలు టైము రాసుకుంది.

"చేరింది," అంది అమ్మణి మెల్లగా. "ఆమె వాళ్లమ్మ దగ్గరికి చేరింటుంది. కాగితం చేతికిచ్చినారు కదా."

ఆమె గొంతులో ఏదో విని లోకేశ్వరి చూసింది. గోకుల్ కూడా చూశాడు.

"నేను ఈ ఇంటికొచ్చి రెండేండ్లు అప్పుడు. ఆడబిడ్డ పెండ్లికి పందిరి వేస్తా ఉండారు. మా పుట్టినూరు కంబం నుంచి కార్డు వచ్చె. మా అత్త గేటు దగ్గరే చదివి, చించి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, 'అప్పళాలు ఒత్తు' అనె. ఒత్తినా. మూడు దినాలు నగుతా పన్నీరు చల్లినా. నాలుగో నాడు చెప్పినారు, మా అమ్మ పోయిందని. నేను పోయేతలికి బూడిద కూడా లేదు. ఆ కార్డులో నాయన ఏం రాసినాడో ఈనాటికీ తెలీదు."

ఈ సంగతి గోకుల్ ఎన్నడూ వినలేదు. ముప్పై మూడేళ్లుగా ఆమె చేతి అన్నమే తింటున్నాడు.

"అదే గేటు," అంది అమ్మణి. "అదే మాదిరి నేనూ చించినా. పిల్ల కాగితం పిల్ల చేతికి పోనీకుండా." అప్పటికి గాని ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. వీధిలో జనం చూస్తారన్న జ్ఞానం కూడా లేకుండా, అరవై ఎనిమిదేళ్ల మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది.

లోకేశ్వరి ఆమెను లేపి, గడప దాటించి, సోఫాలో కూర్చోబెట్టింది. ముక్కలూ వాళ్లతోపాటు లోపలికి వచ్చాయి. వద్దని ఎవరూ అనలేదు. గోకుల్ ఫ్యాను ఆపి, ముక్కలు ఎగిరిపోకుండా బల్ల మీద పరిచాడు. "బీరువా తెరిచింది అమ్మయినా, కవర్లు నేనూ చూసినా. నన్నూ మన్నించు," అన్నాడు తల దించుకుని.

"అతుకుతుందా కణ్ణూ?"

"అతుకుతుంది అత్తా. గీత మాత్రం కనబడుతుంది. కవర్లు సేర్చేవాళ్లము ఒక్కో కవరు కింద దాని కథ రాస్తాము. ఎవరు పంపినారు, యాడికి పోయింది, యాడ చిరిగింది, అన్నీ."

"అయితే రాయి. కోయంబత్తూరులో అమ్మణి చించిందని రాయి. దాయొద్దు."

లోకేశ్వరి కాగితం తీసి రాసింది. చదివి వినిపించింది. అమ్మణి తల ఊపింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్క మాట రాస్తావా?"

"చెప్పండి అత్తా."

"మా అమ్మ పేరు చిన్నమ్మాళ్. కంబం."