ఆఫీసరమ్మకు ఆసిడ్ సీసా

ఆమె మా స్టోర్ రూమ్‌లోకి వచ్చి ముందు అడిగింది మంచినీళ్లు. నేను అలమరలోంచి సీసా తీసి ఇవ్వబోతే నానమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. అది బాత్రూములు కడిగే ఆసిడ్. ఖాళీ అయిన నీళ్ల సీసాల్లో పోసిపెట్టుకోవడం మాకు అలవాటు.

"తనిఖీకి వచ్చిన ఆఫీసర్‌కి ఆసిడ్ పోస్తే ఏ సెక్షన్ కిందకి వస్తుందో తెలుసా?" అందామె.

"తెలీదండీ."

"నాకూ తెలీదు. ఇంతవరకూ ఎవరూ పొయ్యలేదు."

మాది ఇళ్లూ ఆఫీసులూ శుభ్రం చేసే వ్యాపారం. నానమ్మ, నేను, ఆరుగురు పనివాళ్లు. ఓ పెద్ద ఆసుపత్రి పని చేతికి అందేలా ఉంది. భద్రతా సర్టిఫికెట్ లేకపోతే మాత్రం గేటు కూడా దాటనివ్వరు. అది ఇవ్వాల్సిన మనిషికే ఆసిడ్ అందించబోయాను. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

వారం గడువిచ్చింది. ప్రతి సీసా మీదా చీటీ ఉండాలి: లోపల ఏముంది, హాని ఏమిటి, తగిలితే ఏం చెయ్యాలి. పనివాళ్లకు గ్లౌజులుండాలి. చెబుతున్నంతసేపూ నేను ఆమె కళ్లే చూస్తున్నాను కాబట్టి సగం చెవికెక్కలేదు. కాఫీ తాగమంటే, తనిఖీ చేసే చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు, ఇందాక దాహానికి రూలు మర్చిపోయానని చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారంలో సందేహాలంటూ నాలుగుసార్లు ఫోన్ చేశాను. చివరిసారి, గ్లౌజులు రెండు చేతులకీ వేసుకోవాలా అని అడిగాను. వేసుకుంటే మంచిదని నెమ్మదిగా చెప్పింది.

గడువు రోజున వచ్చేసరికి నానమ్మ చీపురుతో సహా అన్నిటికీ చీటీలు అంటించేసింది. నేను గర్వంగా గదంతా తిప్పి చూపిస్తుంటే ఆమె నా వెనకే నిలబడిపోయింది. నా వీపు మీదా ఒక చీటీ ఉందట. పైకే చదివింది.

"లోపల: మంచి పిల్లాడు. హాని: ఆఫీసరమ్మను చూస్తే నోరు పెగలదు. తగిలితే: కాఫీకి తీసుకెళ్లాలి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నవ్వలేదు.

"మీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టను" అంది.

ఆసుపత్రి పనీ పోయింది, ఆమె కూడా దక్కదు అనుకున్నాను. నానమ్మను తప్పుపట్టొద్దని బతిమాలబోయాను. ఆమె ఓ కాగితం చేతికిచ్చింది. మా ఫైలును పెద్దాఫీసరుకు బదిలీ చెయ్యమని తనే రాసుకున్న దరఖాస్తు. కారణం అన్న గడిలో, యజమానితో వ్యక్తిగత పరిచయం అని ఉంది.

"మనకి అంత పరిచయం లేదు కదండీ" అన్నాను, వెర్రివాడిలా.

"తేదీ చూడండి. గ్లౌజుల ఫోన్ వచ్చిన రోజే రాశాను. ఆఫీసు కాగితం మీద నేను అబద్ధం రాయను."

ఆ దరఖాస్తు ప్రకారం కాసేపటికే వచ్చిన పెద్దాఫీసరు సీసాలన్నీ చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది. నానమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు మీద చీటీ ఉంది: కాఫీ, హాని లేదు.

ఆమె చీటీ చదివింది. అయినా ఒకసారి వాసన చూసి, అప్పుడు తాగింది.