వెనక సీటు కింది మోటరు

ఖమ్మంలో జ్యోత్స్న ఆఫీసు గుమ్మం దగ్గరే కూలబడింది ద్వాలి. జ్యోత్స్న ప్రైవేటు డిటెక్టివు. ఆమె సహాయకుడు, మాజీ కానిస్టేబులు పూల్‌సింగ్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మా మేడమ్ చేపట్టిన కేసు తేలకుండా పోదని కనబడ్డవాడికల్లా చెప్పే మనిషి అతను.

"మా ఆయనను జైల్ల ఏసిన్రు మేడమ్. చందూలాల్ మెకానిక్. కారుకు నకిలీ పంపు ఏసి మనిషిని సంపిండంటున్రు. షెడ్డు పలగ్గొట్టిన్రు, కుడి చెయ్యి ఇరగ్గొట్టిన్రు. గీ మాట మీద పడ్డంక బయటికొచ్చినా బతకనియ్యరు."

2006 వేసవి అది. దమ్మపేట దగ్గర అడవి అంచున పామాయిల్ తోట ఉన్న బసవపున్నయ్యకు గుండెనొప్పి వచ్చింది. తమ్ముడి కొడుకు సాయికిరణ్ ఆయన్ను కారు వెనక సీట్లో పడుకోబెట్టి భద్రాచలం ఆసుపత్రికి బయల్దేరాడు. నడి అడవిలో కారు ఆగిపోయింది. సారపాక వైపు వెదురు తీసుకుపోతున్న లారీ డ్రైవరు తాళం తిప్పి చూస్తే, సెల్ఫ్ తిరిగింది కానీ ఇంజిన్ అందుకోలేదు. లారీలోకి ఎక్కించేలోగా పెద్దాయన ప్రాణం పోయింది. తర్వాత పోలీసులు ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపు విప్పించి చూస్తే మోటరు మాడిపోయి ఉంది. దాన్ని చందూలాల్ వారం కిందటే మార్చాడు. ఇంకేం కావాలి! నేరం ఎవరిదో తేలకముందే కొట్టడానికి ఊళ్లో అన్ని చేతులు ఎలా లేస్తాయో ఆ దేవుడికే తెలియాలి.

జ్యోత్స్న ఎస్సైని, పూల్‌సింగ్‌ను, ద్వాలిని వెంటబెట్టుకుని తోట ఇంటికి వెళ్లింది. బసవపున్నయ్య భార్య ప్రమీలారాణి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

"పాత పంపు ఎందుకు పాడైందండీ?"

"మా వారి పీనాసితనం వల్లేనమ్మా. బండి ఎప్పుడూ రిజర్వులోనే తిప్పేవారు. పెట్రోల్లో మునిగి ఉంటేనే మోటరు చల్లగా ఉంటుందని చందూలాల్ ఎంత మొత్తుకున్నా వినలేదు, చివరికి మాడిపోయింది. కొత్తది వేశాక మాత్రం నేనే సగం ట్యాంకు తగ్గనివ్వలేదు."

"వేసేటప్పుడు చూశారా?"

"చూడకేం? ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు నా చేతి బొట్టు పడాల్సిందే. దాని మూతకు పసుపు రాసి, కుంకుమ పెట్టాకే బిగించనిచ్చాను."

"మరి పాతదో?"

"కొత్తదాని డబ్బాలోనే పెట్టిచ్చి వెళ్లాడు. అటక మీదుంది. పాత ఇనప సామాన్లవాడు వచ్చేదాకా ఏదీ పారెయ్యనివ్వను. ఒక్క మేకు కనపడకపోయినా అడుగుతానని మా వాళ్లు వేళాకోళం చేస్తారు."

గుమ్మంలో నిలబడ్డ కూతురు సాహిత్య నాన్న కోసం ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది. మరుసటి సోమవారం తోటను ఆమె పేర రిజిస్ట్రేషన్ చేయించాలనుకున్నాడట. ఇన్నేళ్లూ ఆ తోట చూసుకుంటున్నది సాయికిరణ్.

"కారు ఆగాక ఏం చేశారు?" సాయికిరణ్‌ను అడిగింది జ్యోత్స్న.

"తాళం తిప్పుతూనే ఉన్నానండీ. సిగ్నల్ లేదు, పక్కన మనిషి లేడు. తర్వాత ట్రాక్టరుకు కట్టి ఇంటికి తెచ్చాను."

"పోలీసులు వచ్చేదాకా కారు ఎక్కడుంది?"

"మా షెడ్డులోనే. తాళాలు నా దగ్గరే ఉన్నాయి."

షెడ్డులో కారు వెనక సీటు ఎత్తించింది జ్యోత్స్న. దాని కింద, ట్యాంకు మీద, పోలీసులు చూసి మళ్లీ బిగించిన పంపు మూత. మూత, మోటరు ఒకే ముక్క. మూత మీద వేలితో రాసి చూసుకుంది.

"మట్టి, జిడ్డు తప్ప ఏముంది మేడమ్?" అన్నాడు పూల్‌సింగ్.

"అంతే కదా, పూల్‌సింగ్."

అందరినీ వరండాలో కూర్చోబెట్టింది. ద్వాలి ఓ మూలన స్తంభానికి ఆనుకుని నిలబడింది. అటక మీది డబ్బాను ప్రమీలారాణి చేతనే తెప్పించి, విప్పమంది.

లోపల పంపు ఉంది. మూత మీద పసుపు, మధ్యలో చెరగని కుంకుమ బొట్టు.

పూల్‌సింగ్ రెండు తీగలు బ్యాటరీకి కలిపాడు. ప్రమీలారాణి చేతుల్లో మోటరు గుయ్‌మంటూ తిరిగింది.

"చందూలాల్ వేసిన పంపు ఇదమ్మా," అంది జ్యోత్స్న. "నిక్షేపంగా ఉంది. కారులో ఉన్నది మీ పాత పంపు, దానికి బొట్టు లేదు. సాయికిరణ్, నడి అడవిలో స్టీరింగు కింద, పంపుకు కరెంటు అందించే ఫ్యూజు పీకేశావు. లారీ డ్రైవరు తిప్పినా ఇంజిన్ అందుకోనిది అందుకే. పంపు మంచిదని తేలితే నువ్వు దొరికిపోతావు. అందుకే షెడ్డులో పాతది బిగించావు. డబ్బా ఖాళీగా ఉంటే పెద్దమ్మ అడుగుతుందని కొత్తదాన్ని అందులో దాచావు. ఇనప సామాన్లవాడు పట్టుకుపోతాడనుకున్నావు. హడావుడిలో బొట్టు సంగతి మరిచిపోయావు."

సాయికిరణ్ తల వంచుకున్నాడు. "ఆ తోట నా చేత్తో పెంచానండీ. ప్రతి మొక్కకూ నీళ్లు పోశాను," అన్నాడు. ఇక అబద్ధమాడలేదు. ఛీ, మనిషి ప్రాణం కన్నా మొక్క ఎక్కువైంది వాడికి!

ద్వాలి ఎస్సై వైపు చూసింది. "మా ఆయన ఇంటికొస్తడా సారూ?"

"రేపే కోర్టులో చెప్పి విడిపిస్తాం."

"వస్తడు సరే. ఏ చేత్తో పని చేస్తడు?"

పూల్‌సింగ్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ప్రమీలారాణి సాయికిరణ్ వైపు తిరిగింది. "కిరణూ, ఆఖర్న ఆయనేమైనా అన్నారా?"

సాయికిరణ్ తల ఎత్తలేదు. "నేను తాళం తిప్పుతుంటే, 'మీ పెద్దమ్మ బొట్టు పెట్టిందిరా, అది ఆగదు. ఇంకోసారి తిప్పు' అన్నాడు."

ఆమె చేతుల్లో మోటరు ఇంకా తిరుగుతూనే ఉంది. తీగ లాగెయ్యాలని ఎవరికీ తోచలేదు.