నూట డెబ్బై ఆరుగురికి ఒక రహస్యం

మహిత మా లైబ్రరీకి వచ్చిన మొదటి రోజు నవ్వింది. నన్ను చూసి కాదు, నా కంప్యూటర్‌ను చూసి. దానిమీద నేను పసుపు గుడ్డ కప్పి ఉంచాను.

"దీనికి పూజ చేస్తారా సార్?"

"దుమ్ము పడకుండా మేడం."

"వాడతా ఉంటే దుమ్మెట్ల పడతాది సార్?"

నాకు ఒళ్ళు మండింది. పూతలపట్టుకు దగ్గర్లోని ఈ శాఖా గ్రంథాలయానికి ఏడేళ్ళుగా నేనే లైబ్రేరియన్‌ని. నా పేరు మోహన్‌కృష్ణ అని ఊళ్ళో సగం మందికి తెలియదు గానీ, లైబ్రరీ సారంటే అందరికీ తెలుసు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెప్పగలను. అలాంటి నాకు కంప్యూటరూ ఫోనూ నేర్పడానికి ట్రైనర్‌గా ఈ అమ్మాయిని పంపారు. పూతలపట్టులో బెల్లం మండీ నడిపే బాలసుబ్రమణ్యంగారి కూతురు. పన్నెండు శనివారాలు, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు, అంటే లైబ్రరీ మూసి ఉండే వేళలో.

మొదటి నాలుగు శనివారాలు పోట్లాటలతోనే గడిచాయి. పాస్‌వర్డ్ మరిచిపోకుండా ఉండాలని దాన్ని గోడమీద రాశాను. ఆమె తల పట్టుకుంది. లైబ్రరీ పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టించి, కొత్త పుస్తకాల ఫోటోలు పెట్టమంది. అరలో వరసగా నిలబెట్టి ఫోటో తీసి పెట్టాను.

"ముఖం సూపించండి సార్, ముఖం! వీపు సూసి ఎవురన్నా ఇష్టపడతారా?"

"లైబ్రరీలో పుస్తకాన్ని వీపు సూసే గుర్తుపడతాము మేడం."

ఆమె మళ్ళీ నవ్వింది. ఈసారి కంప్యూటర్‌ను చూసి కాదు.

ఆ తరువాత నాకు శుక్రవారాలు చాలా పొడుగ్గా అనిపించసాగాయి. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. నేను ప్రేమలో పడ్డాను. ముప్పై నాలుగేళ్ళ వయసులో, మౌస్ పట్టుకోవడం నేర్చుకుంటూ.

పదకొండో వారం ఆమె వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు నేర్పింది. నూట డెబ్బై ఆరుగురు సభ్యుల నంబర్లు దాంట్లోకి ఎక్కించింది.

"ఒకసారి కొడితే అందరికీ పోతాది సార్. కానీ ఎవురికి వాళ్ళకి, తమకొక్కరికే వచ్చినట్టు ఉంటాది. దీనికొక పేరు పెట్టండి."

నేను "మహిత" అని పెట్టాను. ఆమె అప్పటికే బ్యాగు సర్దుకుంటూ ఉంది, చూడలేదు. ఇందులో నా దురుద్దేశమేమీ లేదు. లైబ్రరీకి ఎవరైనా బీరువా ఇస్తే దానిమీద వాళ్ళ పేరు రాస్తాం. ఈ లిస్టు ఆమె ఇచ్చింది.

తలుపు దగ్గర ఆగి, "వచ్చే శనివారం ఆఖరు సార్. సోమవారం నుంచి శ్రీ సిటీలో ఉద్యోగం. రూము కూడా ఆడే తీసుకున్నాను," అంది.

"మంచిది మేడం," అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జీవితంలో అనలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. రేపటితో ఆమెకు ఈ లైబ్రరీకి రావడానికి కారణమే ఉండదు. చెబితే రేపే చెప్పాలి. నేరుగా చెప్పే ధైర్యం లేదు కాబట్టి, చెప్పబోతున్నానని ముందుగా చెబుదామనుకున్నాను. ఫోన్ తీసి, మహిత పేరు వెతికి, మొదట కనిపించినదాన్ని నొక్కి టైప్ చేశాను.

"రేపు మధ్యాహ్నం రెండు గంటలకే లైబ్రరీకి రండి. నా మనసులో మాట ఒకటి మీకు చెప్పాలి. దయచేసి ఎవరికీ చెప్పకండి."

మరునాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చున్నాను. సరిగ్గా రెండుకు తలుపు చప్పుడైంది.

వచ్చింది మేకల వ్యాపారి చిన్నబ్బ. "తప్పయిపోయింది సార్," అంటూ సంచిలోంచి మేకల పెంపకం పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. "దీన్ని తీసుకొనిపొయ్యి పదకొండేండ్లయింది. మీకు తెలిసిపొయ్యిందని మెసేజ్ సూస్తానే అనుకున్నాను. ఎవురికీ సెప్పొద్దని మీరే అన్నారు, అదే పదివేలు."

జరిగింది నాకు అర్థమయ్యేలోపు రిటైర్డ్ టీచర్ శకుంతలమ్మ వచ్చింది. ఆమె రాసిన నవల రెండేళ్ళుగా నా సొరుగులో ఉంది. "సదివేసినావా నాయనా? బాగలేకపోతే మెల్లిగా సెప్పు," అని గుసగుసగా అంది. ఆమె వెనక ఇద్దరు. వాళ్ళ వెనక ఆరుగురు.

మూడయ్యేసరికి ముప్పైమందికి పైగా చేరారు. ఎవరికీ చెప్పొద్దన్నాను కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తలా ఒక పేపరు అడ్డం పెట్టుకొని, మిగతావాళ్ళు ఎప్పుడు లేచిపోతారా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. పేపర్లు చాలక ఒకాయన గోడమీది క్యాలెండర్ చదువుతున్నాడు. పొరపాటున వచ్చిందని చెప్పేయొచ్చు. కానీ మరి ఎవరికి పంపబోయావని అడుగుతారు. నేనూ ఒక పేపరు తీసుకున్నాను.

మహిత తన మామూలు వేళకు వచ్చింది.

"ఏంది సార్ ఇది! మూసిన టైములో ఇంతమందా? మంత్రమేమన్నా ఏసినారా?"

నేను పేపరు మడిచేలోపే ఆమె వెనకే బాలసుబ్రమణ్యంగారు లోపలికి వచ్చారు. ఆయన కూడా మా సభ్యుడే. తెల్ల పంచె, భుజాన కొత్త కండువా.

"నాయనా, నువ్వేంది ఈడ?"

"సారు రమ్మన్నాడు పాపా. ఎవురికీ సెప్పొద్దన్నాడని నీకూ సెప్పలా," అంటూ ఫోన్ చూపించారు.

పేపర్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి.

"నన్నూ రమ్మన్నాడే!"

"నన్నొక్కదాన్నే అనుకుంటినే!"

ముప్పై ఫోన్లు బయటికి వచ్చాయి. మహిత నా చేతిలోని ఫోన్ తీసుకొని చూసింది.

"ఈ లిస్టుకు నా పేరు ఏమిటికి పెట్టినారు సార్?"

"ఇచ్చింది మీరు కదా మేడం. బీరువాకు దాత పేరు రాసినట్ట..."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ మూడు వాక్యాలను ఇంకోసారి చదువుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే, ఇది పోవాల్సింది..." అని ఆగిపోయింది.

బాలసుబ్రమణ్యంగారు గొంతు సవరించుకున్నారు.

"సారు ఏం సెప్తాడో నాకు నిన్ననే తెలిసిపొయ్యింది. జవాబు కూడా ఆలోచించుకొనే వచ్చినాను. మూడు నెలలుగా మా పాప శనివారం ఇంటికొస్తానే ఒకటే కత. సారు పాస్‌వర్డు గోడమీద రాసినాడు, సారు పుస్తకాల వీపులు ఫోటో తీసినాడు. ఆరు లైబ్రరీలకు పోతాది, ఇంకో సారు పేరు ఒక్కసారన్నా నేను ఇన్లా."

"నాయనా!" మహిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"నాకైతే ఇష్టమేనప్పా," అన్నారాయన నాతో. "కానీ నన్నడిగితే ఏముండాది? దాన్నడుగు."

శకుంతలమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది. "అడుగు నాయనా. అందరం పనులు మానుకొని వచ్చినాము."

లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదా అని నామీద నాకే కోపం వచ్చింది.

"మహితా, నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు పోతాండావని తెలిసినప్పట్నించి అన్నం సయించడంలా. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఆమె చేతులు దించింది. కళ్ళు తడిగా ఉన్నాయి. పెదవులు మాత్రం నవ్వును పట్టి ఆపుతున్నాయి.

"సోమవారం పోయేది పోతాను సార్. ఆ ఉద్యోగం కోసరం రెండేండ్లు తిరిగినాను. మానను."

"మానొద్దు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"శనివారం వస్తాను."

"క్లాసుకా?"

"కాదు," అంది మహిత, అందరికీ వినపడేలా.