సగం బొగ్గు లాంచి

కృష్ణ ఆనకట్ట తూముల దగ్గర తేలిన శవం చేతికి గడియారం అలాగే ఉంది. జేబులో ఇంజను డ్రాయింగులు మాత్రం లేవు.

"దొంగల పని కాదు," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ మరియదాసు, బెజవాడ కాఫీ హోటల్లో గొంతు తగ్గించి. "పోయినవాడు కొత్త లాంచి ఇంజను డిజైన్ చేసిన ఇంజనీరు. దాన్ని కట్టిన ఫిట్టర్ ఆదిశేషయ్య ఒక్కడే మిగిలాడు. రేపు పొద్దున బందరు కాలవలో లాంచి ట్రయల్. ఆయన్ని ప్రాణాలతో ఒడ్డుకి చేర్చాలి. అదే నీ డ్యూటీ."

"ఏముందండీ ఆ ఇంజన్లో?" అడిగాడు ఏజెంట్ సాంబమూర్తి.

"పాత ఇంజను పనిచేసిన ఆవిరిని గాలికి వదిలేస్తుంది. ఇది దాన్ని రెండో సిలిండర్లోకి పంపి మళ్ళీ పనిచేయిస్తుంది. సగం బొగ్గు చాలు. మన బొగ్గు ఓడల్ని ముంచుతున్న జపాన్ వాళ్ళకి ఇది గిట్టుతుందా? లాంచి దగ్గర మన ఏజెంటు ఒకావిడ ఉంటుంది. కోడ్ వర్డ్, చల్లటి మజ్జిగ."

మర్నాడు సాంబమూర్తి చీరల మూటతో పెడన నేతగాడిలా లాంచి ఎక్కాడు. చేతిలోని మగ్గం నాడెలో కట్టర్ దాగి ఉంది. ఆదిశేషయ్య బాయిలరుకి పసుపు రాసి బొట్టు పెడుతున్నాడు.

ఒడ్డున కారు ఆగింది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. కచేరీల గాయని కనకవల్లి! లావుపాటి చేమంతి దండ తెచ్చి సేఫ్టీ వాల్వు లివరు మీద తనే వేసి, సర్ది, ముడి బిగించింది.

"చల్లటి మజ్జిగ దొరుకుతుందా?" అంది దిగుతూ.

సాంబమూర్తి మనసు కుదుటపడింది.

కొబ్బరికాయ కొట్టారు. లాంచి కదిలింది. మొదటి లాకు దగ్గర తలుపులు తెరిచేదాకా ఆగింది. వాడకం లేని ఆవిరి బాయిలర్లో పేరుకుంటోంది.

"నూట ఇరవై పౌండ్లకే వాల్వు ఊది ఆవిరి వదలాలే," గొణిగాడు ఆదిశేషయ్య. ప్రెషర్ గేజి ముల్లు నూట నలభై దాటింది.

"ఆ దండ తీయండి!" అన్నాడు సాంబమూర్తి.

"ఏమయ్యా, మతి ఉందా? పూజ చేసి వేసిన దండ. ఒడ్డు చేరకుండా తీస్తే అపచారం."

వేడికి చేమంతులు కమిలి, కట్టిన అరటినార మాడి, పూలు రాలుతున్నాయి. దండ మాత్రం జారలేదు. నార మాడిపోతే లివరుని పట్టుకున్నదేమిటి?

సాంబమూర్తి ఉరికాడు. పూల మధ్య ఉక్కు తీగ! నాడె విరిచి కట్టర్ తీశాడు. నూట డెబ్భై. రివెట్లు కీచుమన్నాయి. తీగ తెగింది. వాల్వు అరిచింది. అతని అరచెయ్యి తోలూడిపోయింది.

కాస్త దూరంలో ఒడ్డు మీద కారు కూడా ఆగే ఉంది. సాంబమూర్తి తీగ ఎత్తి చూపగానే, పేలుడు కోసం చూస్తున్న కనకవల్లిని ఒడ్డు వెంట కాపలా వస్తున్న మరియదాసు మనుషులు పట్టుకున్నారు. మన ఏజెంటే జపాన్ వాళ్ళకి అమ్ముడుపోయింది.

"పూజ దండ మీద ఎవరూ చెయ్యి వెయ్యరనుకున్నాను," అందామె, ఒడ్డుకి దిగిన సాంబమూర్తి కాలిన చేతిని చూస్తూ. "ఆనకట్ట దగ్గర ఇంజనీరుగారు కూడా నన్ను మీలాగే నమ్మారు."

అతను వెనక్కి తిరిగి లాంచి ఎక్కాడు.

లాంచిలో ఆదిశేషయ్య ఇంకా ఆకాశంలోకి పోతున్న ఆవిరినే చూస్తున్నాడు.

"ప్రాణం కాపాడావు, సరే," అన్నాడు. "కానీ అయ్యా, అంత ఆవిరి వృథా చేశావు!"