తోడు పెరుగు

పొద్దున్నే ఎక్కితే బరువుపీట రోజూ చెప్పే మాటే చెప్పింది. "మార్పు లేదు, హైమవతి గారూ. శుభదినం."

"ఏడిశావులే," అంటూ దిగింది హైమవతి.

విశాఖలో ఇప్పుడు లావెక్కడమన్న మాటే లేదు. తూకమిత్రాలనే సూక్ష్మజీవులు పేగుల్లో కాపురం పెట్టి, తిన్నదాంట్లో ఒంటికెంత పట్టాలో అవే తేల్చేస్తాయి. ఎవరి ఒంటికి తగినవి వాళ్లకు, చిన్న కప్పు పెరుగులో నెలనెలా ఇంటికొస్తాయి. గర్భిణులకూ బాలింతలకూ మాత్రం నిషేధం. ఏం తిన్నా ఒకటే అయ్యాక హైమవతికి వంటంటేనే విసుగొచ్చేసింది.

ఎదురు ఫ్లాటు కుసుమ ఆస్పత్రి సంచితో వచ్చింది. ఏడో నెల. మొహం పీక్కుపోయి ఉంది.

"బిడ్డ ఎదగట్లేదంట పిన్నిగారూ. ఇవాళే చేరిపొమ్మన్నారు. ఎంత తిన్నా ఎక్కడికి పోతందో ఏటో!"

"ఏం తింటున్నావే తల్లీ?"

"రెండు పూటలా పెరుగన్నమే సయిస్తంది. మీరిచ్చిన తోడేనండి, గడ్డలా తోడుకుంటంది."

హైమవతికి తోడిచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ నెల కప్పు అడుగున మిగిలింది పారేయడానికి చెయ్యి రాక, పాలు పోసి తోడేసుకుంది. ఆ సాయంత్రమే కుసుమ గిన్నె పట్టుకొచ్చింది. గుమ్మంలోకొచ్చి తోడడిగితే లేదనడం హైమవతికి చేతకాదు. ఆ కప్పు తయారుచేసిన మహానుభావులు ఒక్క మనిషి కడుపు గురించే ఆలోచించారు. ఇల్లిల్లూ తిరిగే తోడు సంగతి వాళ్లకేం తెలుసు?

"ఆ పెరుగు ముట్టుకోకే! అందులో నా తూకమిత్రాలున్నాయి. డాక్టరుకి ముందీ మాట చెప్పు. తప్పు నాదేనమ్మా."

కుసుమ పొట్ట మీద చెయ్యేసుకుంది. తిట్టినా బాగుండేది.

"మా అమ్మ పెట్టినట్టే అనుకుని తిన్నానండి," అంది. లిఫ్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "పై అంతస్తు బాలింత అడిగితే, నేనూ ఇచ్చానండి."

లిఫ్టు కుసుమను తీసుకుని కిందికి పోయింది. హైమవతి మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కింది. పైన తలుపు తీసిన బాలింత చంకలో పసిగుడ్డు వడిలిపోయి ఉంది.

"రండి పిన్నిగారూ! మీ తోడు భలే కమ్మగుందని పక్క బ్లాకోళ్లు కూడా పట్టుకెళ్లారు."

హైమవతి అక్కడే మెట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది గాని, ఏడవడానికీ ఓపిక లేదు. అడిగిన ప్రతి ఇంటికీ తోడు ఇచ్చిన మనిషి ఆమె. కొంగుతో మొహం తుడుచుకుని చెయ్యి చాచింది.

"ఆ గిన్నె నాకిచ్చెయ్యమ్మా. పట్టుకెళ్లినవాళ్ల ఇల్లెక్కడో చెప్పు."