చెల్లని రిపోర్టు

శుక్రవారం పొద్దున్నే కామాక్షమ్మ వంటింట్లో సున్నుండలు చుడుతోంది. మస్కట్‌లో మిఠాయిలు దొరకవని కాదు. దొరికినా అవి అత్తగారు చుట్టినవి కావు కదా! కోడలు ఝాన్సీ అక్కడి ఆసుపత్రిలో నర్సు. కాన్పుకని సెలవు పెట్టి చోడవరం వచ్చింది. పాప కీర్తి పుట్టింది, ఆ వెనకే కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. చూస్తుండగానే పాపకి నడకా మాటలూ వచ్చేశాయి. ఇన్నాళ్ళకి ఆసుపత్రి వాళ్ళు బయల్దేరి రమ్మన్నారు. పాపని అత్తమామల దగ్గర వదిలి ఒక్కతే వెళ్ళాలి. ఆదివారంతో వీసా గడువు ఆఖరు. అది దాటిందా, ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం అదొక్కటే మరి.

ఝాన్సీ మంచం మీద పెట్టె సర్దుతూ, మధ్యమధ్యలో ఫోను తీసి కరోనా రిపోర్టు చూసుకుంటోంది. నెగిటివ్. రాత్రి నుంచి ఎన్నిసార్లు చూసుకుందో ఆమెకే తెలీదు. ముక్కులో పుల్ల పెట్టిన గంట నుంచి మూడు రోజుల్లోపు మస్కట్‌లో దిగాలి. శాంపిల్ బుధవారం పొద్దున ఇచ్చింది. ఈ సాయంత్రం విశాఖలో విమానం ఎక్కి, హైదరాబాదులో మారితే రేపు తెల్లారకముందే దిగిపోతుంది. ఇక భయం లేదని తనకి తానే చెప్పుకుంది. కీర్తికి నిన్నటి నుంచి ముక్కు కారుతున్నా, రిపోర్టు నెగిటివే వచ్చేసింది కాబట్టి గుండె నిబ్బరం చేసుకుంది.

మామగారు తవిటయ్య చెరకు తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు.

"తొందరేటి లేదమ్మా. నెమ్మదిగా సర్దుకో. రేపు ఎల్దువు గాని."

"రేపేంటి మామయ్యా? ఇవాళే కదా!"

"ఈయేళ శుక్రోరం. ఇంటి కోడలు గడప దాటకూడదు. నిన్ననే మన ఏజెంటు బాబీకి సెప్పి టికెట్టు రేపు సాయంత్రానికి మార్పించేసేను." ఏదో బహుమతి తెచ్చినవాడిలా నవ్వాడాయన.

గుర్తుగా పెట్టెలో పెట్టుకోబోతున్న పాప గౌను ఝాన్సీ చేతిలోంచి జారి కింద పడింది.

"మామయ్యా, మరి నా రిపోర్టు?"

"ఉంది కదా! నెగిటివ్ అనే కదా ఇచ్చేరు? ఒక్క రోజులో పాడైపోద్దేటి?"

"పాడైపోతుంది మామయ్యా! శాంపిల్ ఇచ్చిన గంట నుంచే లెక్క. చెరుకు కోసిన గంట నుంచి ఎండదా? తూకానికి కాటా దగ్గరికి ఎప్పుడెళ్తే అప్పటి నుంచా ఎండేది?"

చెరకు మాట ఎత్తేసరికి తవిటయ్యకి అర్థమైపోయింది. ఆయన ముఖంలో నవ్వు మాయమైంది.

పెరట్లో బండి తుడుస్తున్న గౌరీశంకర్ భార్య గొంతు విని పరిగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి వెంటనే బాబీకి ఫోన్ చేశాడు. పాత సీటు నిన్ననే ఇంకెవరికో వెళ్ళిపోయిందట. ఈ సాయంత్రానికి ఇంక టికెట్లే లేవట.

"ఒక్క మాట అడగొచ్చు కదా నాన్నా! నీకు నువ్వే మార్పించెయ్యడమేటి? మళ్ళీ టెస్టు సేయించాలిప్పుడు. మొన్న నెగిటివ్ వచ్చిందని ఈయేళ కూడా వస్తదని రాసుందా? మన గుంట కీర్తికి జలుబు సూడు. అది కరోనా అయితే? ఝాన్సీ రాత్రంతా దాన్నే కావిలించుకుని పడుకుంది!"

"శుక్రోరం అని..." అన్నాడు తవిటయ్య.

కామాక్షమ్మ నేతి చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది. "శుక్రోరమా? నువ్వెప్పుడు శుక్రోరాలు సూసేవయ్యా? నన్ను మా కన్నోరింటికి దేవరాపల్లి పంపినప్పుడు సూసేవా? ఎడ్లని అమ్మినప్పుడు సూసేవా? పెళ్ళయిన కాడి నుంచి నీ నోట ఈ మాట ఇనలేదు నేను!"

ఝాన్సీకి ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళలో మామగారికి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను వెళ్ళడం మీకు ఇష్టం లేదు. అవునా? అందుకే చేసేరు. తెలిసే చేసేరు కదా మామయ్యా? నా ఉద్యోగం పోతే మీ కళ్ళు చల్లబడతాయా?"

తవిటయ్య లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తల్లి అరుపులకి కీర్తి బిక్కమొహం వేసి ఏడుపు లంకించుకుంది.

ఝాన్సీ పాపని ఎత్తుకోబోయి ఆగిపోయింది. ఇప్పుడు ముట్టుకోవచ్చా? రాత్రంతా పక్కనే పడుకున్నాక ఇప్పుడు ముట్టుకోకపోతే ఏం లాభం? అయినా చేతులు ముందుకి రాలేదు. పాపని అత్తగారికి అప్పగించి, గౌరీశంకర్ బండెక్కి విశాఖ బయల్దేరింది. దారి పొడుగునా గొంతులో గరగర ఉందా లేదా అని మింగి చూసుకుంటూనే ఉంది. సబ్బవరం దాటాక నిజంగానే దగ్గొచ్చింది. దుమ్ముకి వచ్చిందో, భయానికి వచ్చిందో! ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

ల్యాబులో అర్జెంటు అంటే సాయంత్రానికి ఇస్తామన్నారు. మస్కట్‌లో ఎంతోమందికి సూదులు పొడిచిన ఝాన్సీ తన వంతు వచ్చేసరికి చిన్నపిల్లలా వెనక్కి జరిగింది. శాంపిల్ ఇచ్చి బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. కొత్త టికెట్టు కాగితాలు తెస్తానని గౌరీశంకర్ బాబీ దగ్గరికి వెళ్ళాడు.

మధ్యాహ్నం మూడు దాటాక తలెత్తితే, రోడ్డవతల ఒక ముసలాయన ఎండలో నిలబడి ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. తవిటయ్య! ఎవరూ రమ్మనకపోయినా బస్సెక్కి వచ్చేశాడు. వచ్చాడు గానీ దగ్గరికి రావడానికి ధైర్యం చాల్లేదు. ఝాన్సీ చాలాసేపు చూడనట్టే కూర్చుంది. ఆఖరికి ఉండబట్టలేక చెయ్యూపింది.

"ఎండలో ఏంటి మామయ్యా, ఇలా వచ్చి కూర్చోండి. ముందు ఆ మాస్కు పైకి పెట్టుకోండి!"

ఆయన వచ్చి బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

"తెలిసి సేసేవా అని అడిగేవు. బస్సులో దారంతా అదే ఆలోసించేనమ్మా. రిపోర్టు సంగతి నాకు తెల్దు. సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. శుక్రోరం మాటంటావా, అది నేను కల్పించిందే. మొన్న గుంట నీ కొంగు పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే సూసేను. దానికేటి తెల్సు పాపం! ఇంకొక్క రోజు ఉండనీ అనిపించింది." ఆయన తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "అక్కడితో ఆగలేదమ్మా. ఈ ఒక్క రోజులో ఏదైనా అడ్డం వస్తే బాగుణ్ణు అని కూడా అనుకున్నాను. ఏటొస్తదో తెలీదు గాని, ఏదో ఒకటి రావాలనుకున్నాను. మరది తెలిసి సేసినట్టా, తెలీక సేసినట్టా? నువ్వే సెప్పు."

ఝాన్సీ ఆయన వైపు తిరిగింది.

"రేపు వెళ్దువు గాని అని మీరనగానే నాకు ముందేమనిపించిందో తెలుసా మామయ్యా? సంతోషమేసింది. కీర్తి పక్కన ఇంకో రాత్రి పడుకోవచ్చు అనుకున్నాను. రిపోర్టు ఆ తర్వాత గుర్తొచ్చింది. వెళ్ళాలని పట్టుబట్టిందాన్ని నేనే కదా! ఆ సంతోషం నా మొహంలో ఎవరైనా చూసేశారేమోనని భయమేసింది. అందుకే మీ మీద అంత గట్టిగా అరిచేను."

తవిటయ్య ఏదో అనబోయేలోగా ఫోను మోగింది. ల్యాబు నుంచి మెసేజీ. ఝాన్సీ ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేసింది.

"సూడమ్మా. ఏదైతే అది అవుద్ది."

తెరిచింది. ఒకటికి రెండుసార్లు చదివింది.

"నెగిటివ్ మామయ్యా."

"అప్పన్నా, బతికించేవు తండ్రీ!" అని ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. దించేసరికి కళ్ళు నిండిపోయాయి. "అయితే రేపు ఎల్లిపోతావన్నమాట."

"వెళ్తాను," అంది ఝాన్సీ. ఆ ఒక్క మాటతో ఇంక ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది.

టికెట్టు కాగితాలతో వచ్చిన గౌరీశంకర్ ఇద్దర్నీ చూసి బండి స్టాండ్ కూడా వెయ్యకుండా వదిలేశాడు. బండి ధబ్బున పడింది. "ఏటయింది? పాజిటివా?"

"కాదురా. నెగిటివే వచ్చింది," అన్నాడు తవిటయ్య.

"మరి ఎందుకేడుస్తన్నారు ఇద్దరూ?"

తవిటయ్య కోడలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"రేపు అందరం ఎయిర్‌పోర్టు దాకా వస్తాం నీతో. లోపలికెళ్ళేదాకా గుంటని నువ్వే ఎత్తుకో. ఆ తర్వాత నాకియ్యి. అది ఎంత ఏడిసినా నేను దింపను."